అభిజ్ఞానముద్రిక: ఒక గ్రంథము, ఒక తాళము

శాకుంతలము పంచమాంకమును పాఠము చెప్పునప్పుడు విద్యార్థులు తరచుగా ఒక ప్రశ్న అడుగుదురు. శకుంతల ఎదుట నిలిచియుండగా, ఆమె మాట వినబడుచుండగా, దుష్యంతునకు ఉంగరముతో పని ఏమి? దూర్వాసుని శాపమని సమాధానము చెప్పి అధ్యాపకుడు ముందుకు సాగును. గుర్తించు అధికారము మనస్సు నుండి ఒక వస్తువునకు సంక్రమించినప్పుడు, ఆ వస్తువు కనబడనిచో ఎదుటనున్న సత్యము కూడ నిరాకరింపబడును. ఈ కష్టము మరియొక రూపమున తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణముల మధ్య ఒక వృద్ధ పండితునకు అనుభవమునకు వచ్చినది. గ్రంథములను కంప్యూటరున కూర్పించుకొన్న ప్రాచ్యకళాశాలల వారందరికిని అది పనికివచ్చు ఉదంతము కనుక ఇచ్చట వివరింపబడుచున్నది.

ఆ పండితులవారి నివాసము బాపట్ల. బాల్యమున పాఠశాలలో గురువు చెంత కూర్చుండి కావ్యములు, తర్కసంగ్రహము, సిద్ధాంతకౌముది చదివినవారు. ఉద్యోగవిరమణానంతరము లౌకికన్యాయములను సేకరించి, ఒక్కొక్క న్యాయమునకు శాస్త్రగ్రంథములలోని ప్రయోగమును, తెలుగు వివరణమును చేర్చి నాలుగువందల పుటల గ్రంథము సిద్ధము చేసినారు. కూర్పు పని తెనాలిలో జరిగినది. గ్రంథప్రకాశనమునకు తెనాలి పాతకాలము నుండియు పేరుగన్న ఊరు. సాధన గ్రంథ మండలి వంటి సంస్థల పుస్తకములు చేత పట్టని సంస్కృతాభిమాని ఈ ప్రాంతమున అరుదు. బోసు రోడ్డు సమీపమున నొక డి.టి.పి. కేంద్రములో 2006లో ఆరంభమైన కూర్పు 2008 చివరకు ముగిసినది. పండితులవారు ఉదయపు పాసింజరులో నిడుబ్రోలు, చుండూరు మీదుగా తెనాలి చేరి, ప్రూఫులు చూచి, సాయంకాలమునకు ఇల్లు చేరెడివారు.

అచ్చునకు ద్రవ్యము చాలక గ్రంథము నిలిచిపోయినది. వ్రాతప్రతిని, ప్రూఫులను రేపల్లె సమీప గ్రామమున నున్న ఒక శిష్యుడు సరిచూచుటకై తీసికొనిపోయినాడు. 2009 అక్టోబరు కృష్ణా వరదలలో ఆ ప్రాంతపు గ్రామములలోనికి నీరు వచ్చినప్పుడు ఆ కాగితములన్నియు తడిసి ముద్దలైనవి. శిష్యుడు కన్నీరు పెట్టుకొనగా, “నీవు క్షేమముగా ఉన్నావు, అదే చాలు నాయనా. అక్షరములు తెనాలిలో భద్రముగానే ఉన్నవిగా” అని గురువుగారు ఓదార్చినారు. ఆనాటి నుండి ఆ గ్రంథమునకు ఏకైక ఆశ్రయము తెనాలి కంప్యూటరులోని ఫైళ్లు మాత్రమే.

ఆ ఫైళ్ల స్వభావము తెలిసినగాని తరువాతి కథ బోధపడదు. ఆ కాలమున అను స్క్రిప్ట్ మేనేజరు, శ్రీలిపి మొదలైన తెలుగు సాఫ్ట్‌వేర్లు డి.టి.పి. కేంద్రములలో విరివిగా వాడబడినవి. పేజీమేకరు వంటి కూర్పు సాధనములలో తెలుగు అక్షరములను పొందుటకు వీనివంటివే దిక్కు. ఈ పద్ధతిలో తెలుగు అక్షరమునకు తనదైన సంఖ్య ఉండదు. అక్షరశరీరము, తలకట్టు, గుణితము, వత్తు తునకలై, ఆంగ్లాక్షరములకును ఇతర చిహ్నములకును కేటాయించిన స్థానములలో కూర్చుండును. ఆ అక్షరరూపములు ఉన్నంతవరకు తెర మీద తెలుగు కనబడును. అవి లేనిచో అదే పుట ఆంగ్లాక్షరముల గజిబిజిగా మారును. పండితులవారి గ్రంథమును కూర్చిన సాఫ్ట్‌వేరు పేరు ఇచ్చట అప్రస్తుతము. ఆ ప్రతిలో అక్షరరూపములు కూడ సాఫ్ట్‌వేరు నడచినప్పుడే లభించునట్లు ఏర్పాటు ఉన్నదని తెలిసిన చాలును.

ఆ సాఫ్ట్‌వేరు నడచుటకు బొటనవ్రేలంత పరికరము ఒకటి కంప్యూటరునకు తగిలించి ఉంచవలెను. డి.టి.పి. వారు దానిని లాకు అందురు. డాంగిల్ అనియు పేరు కలదు. ఇట్టి తాళములలో మొదటిదిగా ప్రసిద్ధమైనది 1980లో బ్రిటనులో కమొడోర్ పెట్ కంప్యూటరుకై వచ్చిన వర్డ్‌క్రాఫ్ట్‌తో ఇచ్చినది. అదియును వ్రాతపనికి సంబంధించిన సాఫ్ట్‌వేరే యగుట గమనింపదగినది. లాకు లోపల చిన్న చిప్పు ఉండును. సాఫ్ట్‌వేరు ఒక సంఖ్యను ప్రశ్నగా పంపును. చిప్పు తనలోని రహస్యసూత్రముతో దానిని మార్చి సమాధానము పంపును. సమాధానము సరిపోయిన ద్వారము తెరచుకొనును. ఈ ప్రశ్నోత్తరము ఆరంభమున ఒకసారితో ముగియక పని నడుమ కూడ జరుగుచుండవచ్చును. తొలినాటి లాకులు ప్రింటరు తగిలించు పారలల్ పోర్టునకు అమర్చబడెడివి. ప్రింటరు ఆపియున్న కొన్నిచోట్ల లాకు కూడ పలుకకుండెడిది. తరువాత యు.ఎస్.బి. లాకులు వచ్చినవి.

ప్రశ్నించు సాఫ్ట్‌వేరునకు, సమాధానమిచ్చు చిప్పునకు నడుమ మూడవవాడు ఒకడు కలడు. అతడే డ్రైవరు. కంపెనీవారి కాలమున దొరకును, రైతును కలిపి మాటాడించిన దుబాసి వంటివాడు. దుబాసి లేనిచో ఇరుపక్షములును సత్యము చెప్పినను పని జరుగదు.

2023 వేసవిలో తెనాలి కేంద్రపు పాత కంప్యూటరు పనిచేయుట మానినది. అది విండోస్ ఎక్స్‌పీతో పదునేడేండ్లు నడచిన యంత్రము. దాని హార్డ్ డిస్కులోని ఫైళ్లను ఆపరేటరు జాగ్రత్తగా కొత్త కంప్యూటరునకు చేర్చినాడు. దానిలో విండోస్ 11 ఉన్నది. పాత సీడీతో సాఫ్ట్‌వేరును ఎక్కించి, లాకు తగిలించి, తెరచి చూడగా తెర మీద ఒక్కటే వాక్యము: తాళము కనబడలేదు. గ్రంథమును ఇక అచ్చువేయింతమని పిల్లలు కూడబెట్టిన ధనముతో పండితులవారు తెనాలి చేరినది ఆ వారమే. ఆపరేటరు ఫైలును తెరచి చూపినాడు. నాలుగువందల పుటలును ఉన్నవి. వానిలో ఒక్క తెలుగక్షరము లేదు.

“గురువుగారూ, ఫైలు ఎక్కడికీ పోలేదండి. లాకే పలకడం లేదు” అన్నాడు ఆపరేటరు.

పండితులవారు కొంతసేపు మౌనముగా కూర్చుండి, “పలకనిది అదేనని ఎట్లా తెలిసింది నాయనా?” అని అడిగినారు.

ఆ ప్రశ్నతోనే అసలు పరిశోధన మొదలైనది. కార్యకారణభావమును నిర్ణయించుటకు తర్కశాస్త్రము చూపిన మార్గము అన్వయవ్యతిరేకములు. ఏది ఉన్న కార్యము ఉండునో, ఏది లేనిచో కార్యము ఉండదో అదియే కారణము. ఒకేసారి రెండు మూడు మార్పులు చేసినచో ఏది కారణమో నిశ్చయింపనలవికాదు. అప్పటికి ఆపరేటరు చేసినది సరిగా ఆ పొరపాటే. యాంటీవైరసును ఆపి, పోర్టు మార్చి, సాఫ్ట్‌వేరును మరల ఎక్కించి, అన్నియు ఒక్కపూటలో చేసినాడు. పండితులవారి సలహాపై మరల మొదటినుండి ఒక్కొక్కటిగా, కాగితము మీద వ్రాసికొనుచు పరీక్షించినారు.

మొదట పోర్టు. లాకు తీసి అచ్చటనే పెన్‌డ్రైవు పెట్టగా అది తెరచుకొన్నది. కనుక పోర్టునకు దోషము లేదు. రెండవది మార్గము. అనేక పరికరములను ఒక్కచోట తగిలించు హబ్బులో లాకు ఉంచిన విద్యుత్తు చాలకపోవచ్చును. హబ్బును తొలగించి నేరుగా కంప్యూటరు వెనుక భాగమున తగిలించినను ఫలితము లేదు. మూడవది గడియారము. మదరుబోర్డు మీది చిన్న బ్యాటరీ నీరసించినచో తేదీ ఏండ్ల వెనుకకు పోవును. తేదీని లెక్కించు లైసెన్సులు అప్పుడు మొరాయించును. ఇచ్చట తేదీ సరిగానే ఉన్నది. నాలుగవది యాంటీవైరసు. దానిని ఆపినను, నడిపినను తెరమీది వాక్యము మారలేదు.

ఈ నాలుగవది చూచి పండితులవారు చిరునవ్వు నవ్వినారు. “ఇది కుండలు చేసేవాడి గాడిద నాయనా” అన్నారు. కుండకు మట్టి, చక్రము, దండము కారణములు. మట్టి మోసిన గాడిద కుండకు ముందే ఉన్నను కారణము కాదు. తార్కికులు దానిని అన్యథాసిద్ధమందురు. కంప్యూటరు చెడినప్పుడెల్ల నింద మోయుట యాంటీవైరసునకు అలవాటైనది. ఒక్కొక్కప్పుడు అది నిజముగా దోషియే. తాళపు ఫైలును ప్రమాదకరమని తలచి ఒక మూల బంధించును. కాని పరీక్షింపక నిందించుట తర్కము కాదు. పక్క దుకాణమువారు వచ్చి లాకును నోట ఊది పెట్టిన తమకు పనిచేసినదని చెప్పినారు. అది కాకతాళీయము.

మిగిలినవి రెండు. లాకు స్వయముగా చచ్చియుండవలెను, లేక దుబాసి పలుకకుండవలెను. లాకు మీద ఉండు చిన్న దీపము వెలుగలేదు. దీపము వెలుగకపోవుట రెండు కారణములకును సమానలక్షణమే. డ్రైవరు లాకును గుర్తించినప్పుడే దీపము వెలుగు రకములు కలవు. కనుక దీనివలన నిర్ణయము రాదు. లాకును వేరొక పాత కంప్యూటరున పెట్టి చూచుట ఒక్కటే మార్గము. కాగితములు పోగొట్టుకొన్న శిష్యుడు రేపల్లెలో కంప్యూటర్లు బాగుచేయు దుకాణము నడుపుచున్నాడు. అతని యొద్ద విండోస్ 7 యంత్రము ఒకటి ఉన్నదని తెలిసినది.

ఈలోపల మరియొక మార్గము ఎదుటికి వచ్చినది. కేంద్రమునకు వచ్చిన ఒక వ్యక్తి జేబులోనుండి పెన్‌డ్రైవు తీసి, “పెద్దాయన్ని ఎందుకండీ తిప్పుతారు? ఇందులో క్రాక్ ఉంది. లాకు లేకుండానే తెరుచుకుంటుంది” అన్నాడు. ఆపరేటరు గురువుగారి ముఖము చూచినాడు. పదునేడేండ్ల క్రిందట సొమ్ము చెల్లించి కొన్న సాఫ్ట్‌వేరు అది. ఇప్పుడు దొంగప్రతి వాడిన ఎవ్వరికి నష్టమను ప్రశ్న అతని కన్నులలో ఉన్నది.

ఆ ప్రశ్న తేలికైనది కాదు. భారతదేశపు 1957 నాటి కాపీరైటు చట్టము, తరువాతి సవరణలతో, కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్యకృతిగానే లెక్కించుచున్నది. 2012 సవరణలో చేరిన 65ఎ విభాగము, హక్కులను ఉల్లంఘించు ఉద్దేశముతో ఇట్టి రక్షణలను ఛేదించుటను శిక్షార్హము చేసినది. న్యాయములను సంకలనము చేసిన పండితుడును, అక్షరములను తెరపై నిలిపిన ప్రోగ్రామరును చట్టము దృష్టిలో గ్రంథకర్తలే. పండితులవారికి ఈ విభాగములు తెలియవు. ఆయన అన్నది ఒక్క మాట: “నా పుస్తకాన్ని రేపు ఎవరైనా పేరు మార్చి అచ్చు వేసుకుంటే నేను ఊరుకుంటానా? రాక్షసుడి ముద్రికతో ఉత్తరాలు పుట్టించిన చాణక్యుడికి రాజ్యం ఉంది. మనకు ఉన్నది పుస్తకం ఒక్కటే. రేపల్లె వెళ్లొస్తాను.”

లాకును పత్తిలో చుట్టి, ఇంటినుండి తెచ్చుకొన్న కుంకుమ భరిణెలో ఉంచి, ఫైళ్ల ప్రతిని ఒక పెన్‌డ్రైవులో తీసికొని, మరునాడు తెనాలి నుండి రేపల్లె బండి ఎక్కినారు. ఆ దారిలో వేమూరు దాటిన పిమ్మట భట్టిప్రోలు వచ్చును. 1892లో అలెగ్జాండరు రీ అచ్చటి స్తూపమును త్రవ్వించినప్పుడు రాతి కరండములు బయల్పడినవి. వానిలో స్ఫటికపు భరిణె, ధాతువులు ఉన్నవి. కరండముల మీద బ్రాహ్మీ లిపిలో శాసనములు ఉన్నవి. ఆ లిపిలో కొన్ని అక్షరములు ఇతరత్ర కనబడు బ్రాహ్మికి భిన్నమైనవి. బ్యూలర్ పండితుడు తెలిసిన అక్షరముల ఆధారముతో తెలియనివానిని నిర్ణయించి చదివినాడు. రెండువేల ఏండ్లకు పైగా మూసియున్నను ఆ మాటలు నశింపలేదు. రాతి మీద అక్షరము ఏ తాళమును అడుగదు. అడిగిన తాళపుచెవి ఒక్కటే, లిపిజ్ఞానము. అది మరపున పడినను మరల సాధింపబడినది. చిప్పులోని రహస్యసూత్రమునకు ఆ భాగ్యము లేదు. దానిని ఎవ్వరును ఊహించి చదువకుండుటకే అది నిర్మింపబడినది. తాళము చేసిన సంస్థ మారిపోవచ్చును. హాస్ప్ అను పేరుపొందిన తాళమును చేసిన అలాద్దీన్ సంస్థ సేఫ్‌నెట్‌తో కలిసినది. సేఫ్‌నెట్ జెమాల్టో చేతిలోనికి, 2019లో జెమాల్టో థేల్స్ చేతిలోనికి పోయినవి. ఒక్కొక్క మార్పునకు డ్రైవరు దొరకు చోటు, పేరు మారుచు వచ్చినవి.

రేపల్లెలో శిష్యుడు భరిణె విప్పి, లాకును పాత యంత్రమునకు తగిలింపగా ఎర్రని దీపము వెలిగినది. పాత సీడీలోని సాఫ్ట్‌వేరు నడచినది. మొదటి పుట తెరచుకొన్నది. తెలుగక్షరములు కనబడగానే గురుశిష్యు లిరువురును కొంతసేపు మాటాడలేదు.

నిర్ణయము స్పష్టమైనది. లాకు బ్రతికియున్నది, సాఫ్ట్‌వేరు, ఫైళ్లు నిర్దుష్టములు. రేపల్లె యంత్రము 32 బిట్ల వ్యవస్థ. తెనాలి కొత్త యంత్రములోని విండోస్ 11 కేవలము 64 బిట్ల వ్యవస్థ. 32 బిట్ల సాధారణ సాఫ్ట్‌వేరు దానిలో నడచును గాని, వ్యవస్థ అంతర్భాగమున పనిచేయు 32 బిట్ల డ్రైవరు నడువదు. శాకుంతలమున ఉంగరము నీట జారినది. తెనాలిలో ఉంగరము చేతనే ఉన్నది. దానిని రాజునకు చూపు దుబాసికి కొత్త రాజు భాష రాదు. శిష్యుడు లాకు మీది అక్షరములను బట్టి దాని జాతిని గుర్తించి, దానిని చేసిన సంస్థ నుండియే 64 బిట్ల డ్రైవరును సంపాదించినాడు. తరువాతి వారము తెనాలిలో లాకును ముందుగా తీసివేసి, పాత డ్రైవరును తొలగించి, కొత్తది ఎక్కించి, యంత్రమును మరల ఆరంభించి, ఆ పిమ్మటనే లాకు తగిలించినారు. దీపము అచ్చటను వెలిగినది. ఈ క్రమము ముఖ్యము. డ్రైవరు లేకముందే లాకు తగిలించినచో విండోస్ దానిని వేరొక పరికరముగా తలచి తికమకపడు అవకాశము కలదు.

ఇట్టి చిక్కు వచ్చినవారు గమనింపవలసినవి మరికొన్ని కలవు. హాస్ప్, సెంటినెల్ జాతి లాకులను పర్యవేక్షించు సేవ ఒకటి కంప్యూటరు లోపల 1947 సంఖ్యగల ద్వారమున వినుచుండును. స్వాతంత్ర్యము వచ్చిన సంవత్సరము కనుక జ్ఞాపకముంచుకొనుట సులభము. ఆ సేవ ఆగిపోయినను, ఫైర్‌వాల్ దానిని అడ్డగించినను తాళము కనబడదను మాటయే వచ్చును. విండోస్ 11లో మెమరీ ఇంటిగ్రిటీ అను రక్షణ పాత డ్రైవర్లను నిరాకరింపవచ్చును. దూరము నుండి వేరొక కంప్యూటరు ద్వారా తెరచినప్పుడు కొన్ని లాకులు ఉద్దేశపూర్వకముగానే పలుకవు. లక్షణము ఒక్కటి, నిదానములు అనేకము. కనుకనే వైద్యశాస్త్రము లక్షణమును చూచి వెంటనే మందు ఇమ్మని చెప్పలేదు.

పండితులవారి కథ డ్రైవరుతో ముగియలేదు. “ఈ దీపం ఎంతకాలం వెలుగుతుంది?” అని ఆయన అడిగినారు. శిష్యునికి సమాధానము తెలియును. రేపల్లెలోనే నాలుగువందల పుటలను ముందుగా పీడీఎఫ్‌గా భద్రపరచి, తరువాత యూనికోడునకు మార్చుట ఆరంభించినాడు. యూనికోడులో తెలుగునకు 1991 నుండి తనదైన స్థానములు ఉన్నవి. ‘క’ అను అక్షరమునకు ఒక సంఖ్య; ఏ కంప్యూటరునను, ఏ అక్షరరూపముతోనైనను అది ‘క’యే. ఏ లాకును అక్కరలేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నాటికే గౌతమి అను తెలుగు అక్షరరూపము దానితోపాటు లభించినది.

మార్పిడి సాధనము తునకలను కలిపి అక్షరములు చేయునప్పుడు తప్పులు దొర్లినవి. కొన్నిచోట్ల వత్తుల వరుస తారుమారైనది. అన్నిటికంటె చిక్కైనది అవగ్రహము. పాత కూర్పులో దానికి బదులు ఆంగ్లపు ఎస్ అక్షరమును వాడినారు. యూనికోడు తెలుగులో అవగ్రహము 2008లోగాని చేరలేదు. మార్పిడి సాధనము ఆ గుర్తును కొన్నిచోట్ల ఆంగ్లాక్షరముగా ఉంచినది; కొన్నిచోట్ల మింగివేసినది.

పండితులవారికి చూపు మందగించినది. కనుక శిష్యుడు తెరమీది పాఠమును చదువుట, ఆయన కన్నులు మూసికొని వినుట నియమముగా సాగినది. పాఠశాలలో నేర్చిన చెవి వత్తు తప్పిన వెంటనే చేయి ఎత్తి ఆపెడిది. ఒకచోట శిష్యుడు “తతో ధర్మః” అని చదివినాడు. ఉచ్చారణలో తప్పు లేదు. అయినను గురువుగారు ఆపినారు.

“అక్కడ గుర్తు ఉందా, చూడు నాయనా.”

“లేదండి.”

“పీడీఎఫ్‌లో చూడు.”

శిష్యుడు చూచినాడు. “ఎస్ ఉందండి గురువుగారూ” అన్నాడు.

తతోఽధర్మః అని ఉండవలసినచోట తతో ధర్మః అయినది. చెవికి రెండును ఒక్కటే. భేదము కంటికి మాత్రమే తెలియును. అధర్మము పుట్టునని చెప్పిన వాక్యము ధర్మము పుట్టునని చెప్పుచున్నది. కన్ను కనలేనిదానిని, చెవి వినలేనిదానిని పూర్వాపరసందర్భము పట్టియిచ్చినది. ఆ పని ఏ తాళమును, ఏ డ్రైవరును చేయజాలదు. గ్రంథకర్త జీవించియుండగా పాఠము తెరచుకొనుట ఆ గ్రంథము చేసికొన్న పుణ్యము. మరి పదేండ్లు ఆలస్యమైనచో ఆ ఒక్క గుర్తు పోయిన సంగతి అడుగువారే ఉండకపోదురు.

సాఫ్ట్‌వేరు చేసినవారు తమ కృషిని తాళముతో రక్షించుకొనుట న్యాయమే. వారి సాధనము వారిది. కాని ఆ సాధనముతో వ్రాయబడిన పాఠము వ్రాసినవానిది. ఉలిని తాళము వేసి దాచుకొన్న శిల్పిని ఎవ్వరును తప్పుపట్టరు. చెక్కిన విగ్రహము కూడ ఉలితోపాటు గదిలో ఉండిపోయిననే చిక్కు. ప్రాచ్యకళాశాలలలో పత్రికల పాత సంచికలు, పరిష్కృత పాఠములు, సిద్ధాంతవ్యాసములు ఇట్టి ఫైళ్లలో ఉన్నవారు ఆలోచింపదగిన విషయమిది. లాకు వెలుగుచుండగానే ప్రతి ఫైలును ఒకసారి తెరచి, పీడీఎఫ్‌గాను, యూనికోడు పాఠముగాను వేరుపరచి, రెండు చోట్ల ఉంచవలెను. ఒక ప్రతి కాగితము మీద ముద్రించుకొనవలెను. లాకు మీది సంఖ్యను, సాఫ్ట్‌వేరు సంచిక పేరును, కొన్న బిల్లును ఒకచోట వ్రాసి ఉంచవలెను. మార్చిన పాఠమును మూలముతో సరిచూచువాడు ఆ శాస్త్రము తెలిసినవాడై ఉండవలెను.

రేపల్లె పఠనము నాలుగు నెలలు సాగినది. వారమునకు రెండు దినములు పండితులవారు బాపట్ల నుండి తెనాలికి, తెనాలిలో బండి మారి రేపల్లెకు ప్రయాణము చేసినారు. గ్రంథము తెనాలిలోనే అచ్చయినది. లాకు ఇప్పటికిని ఆ డి.టి.పి. కేంద్రమున పనిచేయుచునే ఉన్నది. రాత్రి కేంద్రము మూయునప్పుడు ఆపరేటరు దానిని తీసి, పండితులవారు తిరిగి తీసికొనక వదలిపెట్టిన కుంకుమ భరిణెలో ఉంచి పోవుచున్నాడు.